మెట్ల కింద షవరు

యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆవిడను అందరూ టేపమ్మ అనేవారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు అక్కడ లేరు. ఇంట్లో కూడా నిద్రకూ స్నానానికీ తప్ప దాన్ని తీసేవారు కాదు. ఆవిడ పని కత్తిరింపు. బల్ల మీద పొరలు పొరలుగా గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, ఆ గీత వెంట బరువైన కత్తెరను ఒకే ఊపున నడిపించడం. కొత్తగా వచ్చిన సూపర్వైజర్లు చొక్కా పొట్టిదైందని కుట్టేవాళ్ళ మీద విరుచుకుపడితే, ఆవిడ బల్ల దగ్గర నుంచే, గది మొత్తానికి వినబడేలా, "ఆగండి. అది నా కత్తెర. అడగాల్సింది నన్ను" అనేవారట. ఈ సంగతి కోడలికి కార్ఖానా వాళ్ళ ద్వారానే తెలిసింది. ఆవిడ తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు.

ఏళ్ళ తరబడి నడిపిన ఆ కత్తెరే చివరికి ఆవిడ కుడిభుజాన్ని తినేసింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాకా వచ్చి, అక్కడ గొళ్ళెం పడ్డట్టు ఆగిపోయేది. మందులతో నొప్పి తగ్గింది గానీ చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడం, తాళం తియ్యడం, చివరికి గుడ్డ కత్తిరించడం కూడా ఆవిడ పట్టుబట్టి నేర్చుకున్నారు. తలస్నానం దగ్గరే పట్టుదల చాలలేదు. ఒక చెయ్యి మగ్గు పట్టుకుంటే, రుద్దడానికి రెండోది పైకి రావాలి కదా.

అందుకని ఆ పని కోడలి మీద పడింది. బళ్ళో భౌతికశాస్త్రం చెప్పే కోడలు, సెలవు రోజున అత్తగారిని పై అంతస్తు స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి తల రుద్దేది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే షవరు, అదీ పేరుకే. నీళ్ళ ట్యాంకు సరిగ్గా ఆ గది కప్పు మీద ఉంది. ట్యాంకు అడుగుకూ షవరు ముఖానికీ మధ్య తేడా ఒక మనిషి పొడవు కూడా లేదు. అంత తక్కువ ఎత్తు నుంచి దిగే నీటికి బలం ఎక్కడ నుంచి వస్తుంది? కన్నాల్లో సగం చెమ్మగిల్లి ఊరుకునేవి, మిగతా సగం దయతలచి చుక్కలు రాల్చేవి. ఆ చుక్కలే మగ్గులో పట్టి కోడలు పోస్తుంటే, నురగ పూర్తిగా పోకముందే ఇద్దరి ఓపికా అయిపోయేది. అంతసేపూ అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు, పీట అంచు పట్టుకుని కూర్చునేవారు. ఒక్క మాట కూడా ఉండేది కాదు. కోడలిని బాధించింది ఆ మౌనమే.

ఒక ఉదయం తువ్వాలు తలకు చుట్టించుకుంటూ ఆవిడ అన్నారు:

"అమ్మాయ్, నా కత్తెర ఇలా పట్రా. ఈ జుట్టు చెవుల దాకా కత్తిరించేద్దాం."

"అదేంటత్తయ్యా? నాకేం కష్టంగా లేదు."

"నీకు కష్టమని నేనన్నానా? కష్టం నాకు. ఇంతమందికి ఇన్ని గుడ్డలు కత్తిరించాను. నా తల నేను రుద్దుకోలేనంటే ఎలాగే?"

జుట్టంటే ఆవిడకు ఎంత ఇష్టమో కోడలికి తెలుసు. అది వదులుకోవడానికి సిద్ధపడ్డారంటే, ఆ పీట మీద కూర్చోవడం ఎంత భారంగా ఉందో కూడా అప్పుడే తెలిసింది.

"ఒక్క నెల ఆగండి. కింద ఇంకో షవరు పెట్టిద్దాం. మీ తల మీరే రుద్దుకుందురు గాని. అప్పటికీ కుదరకపోతే కత్తెర నేనే తెచ్చిస్తాను."

"మాట తప్పవు కదా?"

"తప్పను."

కింది అంతస్తులో, మెట్ల కింద, పాత కుట్టుమిషనూ విరిగిన కుర్చీలూ పెట్టే చోటు ఒకటి ఉంది. కోడలి లెక్క చాలా సులువైనది. అక్కడ షవరు పెడితే నీరు మరో అంతస్తు దిగుతుంది. దిగిన ఎత్తును బట్టే నీటికి ఒత్తిడి వస్తుంది కాబట్టి మోటారు అక్కర్లేదు. అయితే వంటింటి గొట్టం నుంచి కొమ్మ తీస్తే లాభం లేదు. వంటింట్లో ఎవరైనా కుళాయి తిప్పగానే షవరు అలిగి కూర్చుంటుంది. ట్యాంకు నుంచి విడిగా, లావుపాటి గొట్టం, వీలైనంత తక్కువ వంపులతో దించాలి. ప్లంబరు విని తలూపాడు. "అలాగేనమ్మా, దీనికోసం ట్యాంకుకి ఇంకో కన్నం పెట్టేస్తా. ఇక ఎవరి నీళ్ళు వాళ్ళవే, తగాదా ఉండదు" అన్నాడు.

కొడుకు మాత్రం మెట్ల కిందికి వంగి చూసి పెదవి విరిచాడు. "అమ్మా, నేను ఇందులో దూరితే తల బొప్పి కడుతుంది."

"నిన్నెవడు దూరమన్నాడ్రా? ఎవరి కొలతకు వాళ్ళు కుట్టించుకోవాలి."

అన్నట్టే కొలత మొదలుపెట్టారు. షవరు మామూలు ఎత్తులో బిగిస్తానని ప్లంబరు అన్నాడు.

"మామూలంటే ఎవరి ఎత్తు నాయనా?"

"అందరికీ పెట్టే ఎత్తమ్మా."

"ఇన్నేళ్ళలో మా కార్ఖానాకి ఆ అందరూ అనే మనిషి ఒక్కసారి కూడా రాలేదే!"

ఆవిడ చెప్పులు విడిచి నేల మీద నిలబడ్డారు. కోడలు టేపు పట్టుకుంది. నడినెత్తి మీద జానెడు వదిలి షవరు ముఖానికి గీత. ఎడమ మోచేతి ఎత్తులో కుళాయికి గీత. బట్ట ఉతికితే కుంచించుకుపోతుందని వదులు పెట్టే అలవాటు కొద్దీ, పైన మరో రెండు వేళ్ళు కలిపారు. గోడ మీద సుద్దగీతలు చొక్కా భుజం గీతల్లా తీరుగా పడ్డాయి. వాటి ప్రకారం గొట్టం గోడలో ఇమిడింది. దాని మీద సిమెంటు, సిమెంటు మీద టైల్సు.

ఆ తర్వాత నేల వంతు వచ్చింది. వాడిన నీరు బయటి కాలువలోకి పోవాలంటే వాటం కావాలి. ఆ కాలువ అనుకున్నదానికంటే ఎత్తులో ఉంది. దాంతో నేలను జానెడుకు పైగా లేపాల్సి వచ్చింది. కొలత తీసిన నేల అడుగున ఉండిపోయింది, నిలబడాల్సిన నేల పైకి వచ్చింది. ఈ రెంటినీ కలిపి ఆలోచించాలని ఎవరికీ తోచలేదు. భౌతికశాస్త్రం చెప్పే కోడలికి తోచలేదు, గొట్టం బిగించిన ప్లంబరుకు తోచలేదు, కొలత తీసిన మనిషికీ తోచలేదు.

నీళ్ళు వదిలే రోజున ఆవిడ ఎడమ చేత్తో కుళాయి తిప్పారు. కన్నాలన్నిట్లోంచీ ఒక్కసారిగా, పలుచగా కాక, చేతికి తగిలితే వెనక్కి నెట్టేంత బలంగా ధారలు దూకాయి. కోడలి ముఖం వికసించింది. కుళాయి కట్టేసి ఆవిడ షవరు కింద నిలబడ్డారు. షవరు ముఖం ఆవిడ పాపిటకు టోపీలా ఆనుకుంది.

ప్లంబరు షవరునూ నేలనూ మార్చి మార్చి చూశాడు. "తప్పు నాదేనమ్మా. నేల లేపుతున్నప్పుడైనా నేను చూసుకోవాల్సింది."

"ఆగు నాయనా. కొలత ఎవరిచ్చారు?"

"మీరే."

"గీత ఎవరు గీశారు?"

"మీరేననుకోండి..."

"మరి నీ తప్పెలా అవుతుంది? ఇది నా కత్తెర. గుడ్డ తగ్గుతుందని తెలుసు గానీ, నేల పెరుగుతుందని నాకేం తెలుసు?"

ప్లంబరుకు నవ్వాగలేదు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. టైల్సు పగలగొట్టి గొట్టం పైకి జరపాలంటే మళ్ళీ దుమ్ము, మళ్ళీ రోజులు. తానిచ్చిన నెల గడువు ఆ వారమే అయిపోతుంది. అయినా ప్లంబరు అప్పటికే సుత్తి అందుకున్నాడు.

"దాన్ని పక్కన పెట్టు. ఏది కోసే ముందైనా ఒకసారి తొడిగి చూడాలి" అంటూ ఆవిడ పై గదిలోని పీట తెప్పించారు. దాన్ని షవరు కింద వేయించుకుని, పొడి బట్టలతోనే కూర్చున్నారు. ఇప్పుడు నెత్తికీ షవరుకూ మధ్య మూరకు తక్కువ లేదు. ఆవిడ ముందుకు వంగి కుడి మోచేతిని మోకాలి మీద ఆనించారు. తల ఇంకాస్త దించారు. వేళ్ళు జుట్టులోకి వెళ్ళాయి.

కోడలు ఆ వేళ్ళనే చూసింది. ఇన్నాళ్ళూ చెయ్యి తల దగ్గరికి ఎలా లేస్తుందా అనే అందరూ ఆలోచించారు. తలే చెయ్యి దగ్గరికి దిగవచ్చు. పై గదిలో ఇదే పీట ఉన్నా అది సాధ్యం కాలేదు. అక్కడ నీరు పోయడానికి ఇంకో మనిషి మీద పడి నిలబడాలి, వంగడానికి చోటుండేది కాదు. ఇక్కడ పోసే మనిషి అక్కర్లేదు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"లేదు." ఆవిడ వేళ్ళను చెవి వెనక్కి, మెడ మీదికి, మళ్ళీ నడినెత్తికి నిదానంగా పోనిచ్చి చూసుకున్నారు. "నాయనా, నీ సుత్తి సంచిలో పెట్టుకో."

మర్నాడు పొద్దున ఆవిడ తలుపు గడియ వేసుకున్నారు. కోడలు తువ్వాలు పట్టుకుని బయట నిలబడింది. కాలు జారుతుందేమో, చెయ్యి పట్టేస్తుందేమో.

"అమ్మాయ్, అక్కడే ఉన్నావా?"

"లేనత్తయ్యా."

"లేనిదానివి బదులెలా ఇస్తున్నావే? తువ్వాలు తలుపుకు తగిలించి నీ పని చూసుకో, పో."

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. లెక్క సరిపోయిందో లేదో చూద్దామని కుళాయి పూర్తిగా తిప్పి చెవి రిక్కించింది. మెట్ల కింద నీటి చప్పుడు ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ చప్పుడు మధ్యలో అత్తగారు తనలో తాను ఏదో కూనిరాగం తీస్తున్నారు. అది ఏ పాటో కోడలికి అంతుపట్టలేదు. ఆవిడ పాడగా వినడం అదే మొదటిసారి.

చాలాసేపటికి ఆవిడ బయటికి వచ్చి, జుట్టు ఆరబెట్టుకుని, కోడలి ముందు కింద చతికిలబడి ఎడమ చేత్తో దువ్వెన వెనక్కి అందించారు.

"జడ నువ్వే వెయ్యాలి. అంత వెనక్కి నా చెయ్యి రాదు."

కోడలు జుట్టును మూడు పాయలు చేసింది. వేళ్ళ మధ్య అది జిగురు లేకుండా, నురగ వాసన లేకుండా, శుభ్రంగా జారిపోతోంది.

"బిగించి వెయ్యవే. పోయినసారి వేసింది సాయంత్రానికే ఊడిపోయింది" అన్నారు ఆవిడ.