నాయిన ఏరిన తూటాలు

మా చిన్నప్పుడు... అమ్మ చాట ముందేసుకుని రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, నాయిన పక్కనే కూర్చుని "పారెయ్యకే, సన్నటివి నాకు కావాలె" అనేవాడు. మా పేట కామాటిపుర మొత్తంలో బియ్యంలో రాళ్ళు చూసి సంబరపడిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

ఆ రాళ్ళు తూటాల్లోకి పోయేవి.

కంగారు పడకండి... మాది దొంగల కుటుంబం కాదు. మా తాతలు పాలమూరు నుంచి, హిందీ సినిమాలు తీసే ఈ నగరానికి మేడలు కట్టడానికి వచ్చారు. నాయిన మాత్రం సిమెంటు తట్ట దించేసి, సినిమావాళ్ళకు తుపాకులు అద్దెకిచ్చే గోదాములో పనికి కుదిరాడు. ఫోరస్ రోడ్డు వెనక, వరస గదుల చాల్‌లో ఒంటిగది ఖోలీ మాది... నలుగురం పడుకుంటే తలుపు తెరుచుకునేది కాదు.

ఆ గోదాములో ఒక పాత రైఫిల్ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడి, ఇక వద్దని మిలిటరీ వాళ్ళు వదిలేసినది. తూటాలు నింపితే, మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేల్చి మరొకటి తనే ఎక్కించుకునే రకం. నాయిన దాన్ని 'ముసల్ది' అనేవాడు. "దీనికి ఏది బడితే అది తినిపిస్తే కక్కుతది" అని నవ్వేవాడు. ఇప్పుడు నాకూ ఆ వయసు వచ్చింది కాబట్టి నేను ముసలిదాని పక్షమే.

దానికి రెండు రకాల తిండి. కెమెరాకు దగ్గరగా చూపించడానికి ఉత్తుత్తి తూటాలు... కొనకు అసలు గుండే ఉంటుంది, లోపల మాత్రం మందు బదులు మా రేషన్ రాళ్ళు. చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. గలగలమంటే మందు లేనట్టు. పేల్చడానికి వేరే రకం... వాటిలో మందు ఉంటుంది, గుండు ఉండదు. ఎదుటి మనిషి దూరంగా ఉంటే నిండు మందు, దగ్గరుంటే సగం మందు. గుండు లేకపోయినా ఆ మంట మొహం కాల్చేస్తుంది మరి.

సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. పళ్ళెంలో తూటాలు పోసుకుని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూసేవాడు. సొట్ట పడింది పక్కకి. చిలుము పట్టింది పక్కకి. అవతల సెట్టు మీద ఎంత గోల జరుగుతున్నా ఆ వేళ్ళకు తొందర తెలిసేది కాదు. నేను ఉత్తుత్తివి చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. సంగీతం చెప్పించే స్తోమత లేని ఇంట్లో నా చెవులకు దొరికిన శిక్షణ అదే.

పేల్చేముందు ఆయనకొక నియమం. తుపాకీ ఎవరి మీదికి తిరుగుతుందో ఆ మనిషిని పిలిచేవాడు. వెనక భాగం తెరిచి, లోపల తెల్లకాగితం ముక్క పెట్టి, ముందునుంచి గొట్టంలోకి చూడమనేవాడు. తెల్లగా కనిపిస్తే దారి ఖాళీ. పేరున్న నటుడైనా, ఒక్కపూట వేషానికొచ్చినవాడైనా సరే. "సచ్చేటోడు చూసుకోవాలె గదా" అనేవాడు... పెళ్ళి భోజనానికి పిలిచినంత మర్యాదగా.

ఒకసారి మా అన్నకు వేషం దొరికింది. శత్రుసైనికుడు. హీరో కాల్చగానే చావాలి, అంతే. చాల్ మెట్ల మీద చావు సాధన చేస్తూ పక్కింటి అవ్వ బిందె దొర్లించాడు. "సచ్చేదుంటే మీ ఖోలీల సావురా, నా నీళ్ళెందుకు పారబోస్తవ్!" అని ఆమె తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

షూటింగు రోజు నేనూ వెళ్ళాను. ముందుగా హీరో ముసల్దానిలో తూటాలు నింపి, దాని గొళ్ళెం లాగి వదిలే ముక్క తీశారు. వాడినవి ఉత్తుత్తివే. చప్పుడు గట్టిగా రావాలని డైరెక్టరు మళ్ళీ మళ్ళీ లాగించాడు. తర్వాత కాల్చే ముక్క. ఎండ తగ్గిపోతోందని అందరికీ ఆత్రం. నాయిన సగం మందువి ఏరి పెట్టుకుని, "ఏయ్ పోరగా, ఇట్ల రా" అని అన్నను పిలిచాడు.

అన్నకు సిగ్గు ముంచుకొచ్చింది.

"అందరు చూస్తున్నరు నాయినా... నీ మీద నమ్మకం లేదా నాకు? ఛోడ్ నా, పోనియ్యి."

"నమ్మకం ఇంట్ల పెట్టుకో. ఈడ కన్ను పెట్టు."

"మీ అబ్బాయే కదా ఉస్తాద్, ఈసారికి వదిలెయ్" అన్నాడు డైరెక్టరు హిందీలో.

"మేరా లడ్కా హై సాబ్... ఇసీలియే" అన్నాడు నాయిన. కొడుకు కాబట్టే చూడాలట.

అన్న విసుక్కుంటూ వంగి చూశాడు.

"ఏం కనబడ్తుంది?"

"ఏం లేదు నాయినా... చీకటి."

"సక్కగ చూడు. తెల్లగ లేదా?"

"లేదు. నల్లగుంది."

నాయిన ఉత్తుత్తి తూటాల పళ్ళెం తెమ్మన్నాడు. వాటిలో ఒకదానికి కొన లేదు. రాళ్ళు ఎక్కడో రాలిపోయాయి. అన్నిసార్లు లాగడంలో గుండు ఊడి గొట్టం మొదట్లో ఇరుక్కుంది. దాని వెనక మందు తూటా పేలి ఉంటే... అది ఉత్తుత్తి చావు అయ్యేది కాదు.

ఇనుప చువ్వతో తోస్తే గుండు టంగుమని నేల మీద పడింది. నాయిన కాగితం మళ్ళీ పెట్టి "ఇప్పుడు చూడు" అన్నాడు. "తెల్లగుంది" అన్నాడు అన్న, చాలా చిన్నగా. అప్పుడుగానీ మందు తూటా లోపలికి పోలేదు. తుపాకీ కాస్త పక్కకు పట్టమని హీరోకు చెప్పి, నాయిన వెళ్ళి కెమెరాకు కనిపించనంత ఎడంగా అన్న వైపే నిలబడ్డాడు. తను ఏరిన తూటాకు ఎదురుగా... అంత ధైర్యాన్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

సినిమా వచ్చాక చాల్ అంతా ఫాక్‌లాండ్ రోడ్డు టాకీసుకు కదిలింది. అన్న తెర మీద ఉన్నది కనురెప్ప పాటు. ఈలలు, చప్పట్లు... పక్కకు తిరిగి చూస్తే నాయిన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. సెట్టులో ఏం జరిగిందో తెలియని అమ్మ "చూడవయ్యా, మన పోరడు!" అని మోచేత్తో పొడుస్తోంది.

"నేను జూసిన తియ్యవే" అన్నాడు... కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు తుపాకుల మంటలన్నీ కంప్యూటర్లోనే పెడతారట, మా మనవరాలు చెప్పింది. మంచిదే... ఎవరి కొడుకూ దేనికీ ఎదురు నిలబడక్కర్లేదు. కానీ నీ ప్రాణం నా చేతిలో ఉంది, వచ్చి చూసుకో అని పిలిచి మరీ పని చేసే మనుషులు ఈ మధ్య నాకు తారసపడలేదు. మీ ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఉండి ఉంటే కింద రాయండి... తీరిగ్గా చదువుతాను, నాకు వేరే పనేముంది.