తాటాకు పేరుతో రాసిన ప్రమోద

2001లో అమెరికాలోని శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తున్న ప్రమోద, ప్యాకెట్ పోస్ట్ అనే టెక్నాలజీ వార్తల సైట్‌లో ఖాతా తెరిచింది. ఒక మారుపేరు పెట్టుకోమని సైట్ అడిగింది. ఆమెకు తోచినవన్నీ అప్పటికే ఎవరో ఒకరు తీసేసుకున్నారు. చివరికి విసిగిపోయి ఇంగ్లీషు అక్షరాల్లో ‘తాటాకు’ అని కొట్టింది. అది మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. కొన్ని రోజులకు ఎవరో, ఆ పేరు బాగుందని, జపాన్ భాషలో దానికి కొట్టడం అని అర్థమని రాశారు. అప్పటి నుంచి ఆ సైట్‌లో అందరూ తాటాకును జపాన్ నుంచి వచ్చిన మగ ఇంజనీర్ అనుకున్నారు. ఆమె కాదనలేదు.

ప్యాకెట్ పోస్ట్‌లో వార్త రెండు పేరాలు ఉంటే, దాని కింద వాదన ఇరవై పేజీలు ఉండేది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది, సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగా ఇవ్వాలా, పాటల ఫైళ్ళు పంచుకోవడం దొంగతనమా కాదా అని జనం ఒకరినొకరు పీక్కు తినేవారు. బాగా రాసినవాటికి మిగతావాళ్ళు పాయింట్లు వేస్తే అవి పైకి వచ్చేవి. ఆ ఏడాది జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ ఒకటి విడుదలైతే, దాన్ని ఎవరూ కొనరని సైట్ అంతా కలిసి తేల్చేసింది. ఎందుకు కొనరో తాటాకు కూడా ఒక పెద్ద వ్యాసమే రాసింది. అందులో ప్రతి వాక్యం తప్పని తర్వాత తేలింది. ఆ రోజు మాత్రం దానికి బోలెడు పాయింట్లు వచ్చాయి.

ప్రమోదది కాకినాడ. అక్కడే ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో కరీంనగర్ అబ్బాయి గౌరీశంకర్ పరిచయమయ్యాడు. పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ వేరువేరు కంపెనీల్లో హెచ్‌ వన్ వీసాల మీద అమెరికా వచ్చారు. ఆమె చేరినది రౌటర్లు తయారుచేసే కంపెనీ. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిన రౌటర్లను ల్యాబ్‌లో పెట్టి, అవి ఎక్కడ కుప్పకూలతాయో చూడడం ఆమె పని.

మీటింగుల్లో ఆమె మాట ఎవరికీ వినిపించేది కాదు. వాక్యం సగంలో ఉండగానే ఇంకొకరు అందుకునేవారు. ఉచ్చారణ అర్థం కాలేదన్నట్టు ముఖం పెట్టేవారు కొందరు. అదే మాట పక్క కుర్చీలోని మగవాడు చెప్తే బోర్డు మీదికి ఎక్కేది. ప్యాకెట్ పోస్ట్‌లో గొంతు లేదు, ముఖం లేదు. తాటాకు ఏమన్నాడు అని జనం వెతుక్కుని చదివేవారు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటూ ఒక కామెంట్ రాసి, సాయంత్రం ఇంటికొచ్చి జవాబులు చూసుకుంటే ఆమెకు ఆ రోజు పనిచేసినట్టుండేది.

అక్కడ ఆమెకు ఎక్కువగా దగ్గరైనవాడు కాపర్‌వైర్ అనే పేరుతో రాసే మనిషి. సర్క్యూట్ బోర్డుల మీద జీవితమంతా గడిపిన పెద్దాయన అని రాతను బట్టి తెలిసేది. ఆమె పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సౌండ్ రాలేదు. వారం రోజుల పాటు ఓపిగ్గా ఒక్కొక్క మెట్టూ రాసి పలికించాడు. వాదనలో ఎవరైనా తాటాకు మీద పడితే ముందు కాపర్‌వైరే అడ్డం వచ్చేవాడు.

ఒకసారి ఆమె కంపెనీ రౌటర్‌లో లోపం బయటపడిందని వార్త వచ్చింది. కంపెనీ వెంటనే మరమ్మతు విడుదల చేసింది. ఈ మరమ్మతుతో సమస్య పోదని, అసలు లోపం ఇంకా లోతుగా ఉండి ఉంటుందని తాటాకు పేరుతో ఆమె రాసింది. పత్రికల్లో వచ్చిన వివరాలు తప్ప ఆఫీస్ విషయం ఒక్కటీ అందులో పెట్టలేదు. అయినా పంపించాక ఆమెకు కాస్త గుబులుగానే ఉంది. తన కంపెనీ గురించి ఇంకెప్పుడూ రాయకూడదని అనుకుంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా.

2002 వచ్చేసరికి, కంప్యూటర్ కంపెనీలు ఒకటొకటిగా మూతపడి, శాంటా క్లారా లోయ అంతా ఖాళీ అవుతోంది. నిన్నటిదాకా కార్లు పట్టని పార్కింగ్ లాట్లలో గడ్డి మొలిచింది. ప్యాకెట్ పోస్ట్‌లో యంత్రాల ముచ్చట తగ్గి ఉద్యోగాల ముచ్చట పెరిగింది. వీసాల మీద ఏ వార్త వచ్చినా కింద నిప్పులు కురిసేవి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు పని రాదు, ఇంగ్లీషు రాదు, సగం జీతానికి తలూపుతారు అని, నిన్నటిదాకా ఆమెతో సరదాగా వాదించినవాళ్ళే రాస్తున్నారు. ఆమె చదివేది. జవాబు రాయబోయేది, చెరిపేసేది.

ఒకరోజు సాయంత్రం గౌరీశంకర్ ఇంటికొచ్చేసరికి ఆమె స్క్రీన్ ముందు కదలకుండా కూర్చుని ఉంది.

“ఏమైంది?” అన్నాడు.

“కాపర్‌వైర్‌ని తీసేశారంట. తన పని ఒక ఇండియన్ అమ్మాయికి నేర్పించి మరీ పొమ్మన్నారంట. చూడు, ఏం రాశాడో.”

గౌరీశంకర్ నిలబడే చదివాడు. ఆ అమ్మాయి తన కళ్ళలోకి చూడలేదని, చెప్పినదానికల్లా తలూపడం తప్ప ఏమీ చేతకాదని, వీళ్ళు ఇంజనీర్లు కారు, చవక సరుకు అని అందులో ఉంది. కింద పాయింట్లు గుట్టలుగా పడ్డాయి.

“ఎందుకు ప్రమోదా నీకీ లొల్లి? ఉద్యోగం పోయినోడు తిడతడు. మనం వీసా మీద ఉన్నోళ్ళం. చదవకు, అయిపోతది.”

“అందరూ రాస్తే ఊరుకున్నాను శంకర్. ఈయన అలాంటివాడు కాదు.”

“నీకేం తెలుసు ఎట్లాంటోడో? నువ్వెవరో ఆయనకు తెల్వదు, ఆయనెవరో నీకు తెల్వదు.”

ఆ మాట ఆమెను పట్టుకుంది. మర్నాడు సైట్‌లో కాకుండా, కాపర్‌వైర్ ఒక్కడికే తన సొంత పేరున్న ఈమెయిల్ నుంచి రాసింది. తాటాకు జపాన్ మాట కాదని, తను ఇండియా నుంచి వీసా మీద వచ్చిన అమ్మాయినని, ఫలానా కంపెనీలో ఫలానా పని చేస్తున్నానని చెప్పింది. ఆ అమ్మాయి మీ కళ్ళలోకి చూడలేకపోయింది సిగ్గుతో అయ్యుండవచ్చు, మీ కుర్చీ అడిగింది ఆమె కాదు, అని రాసింది. మీరు నాకు నేర్పినవి నేను మరిచిపోలేదు అని ముగించింది.

జవాబు రాలేదు. ఆ వారం గడవకముందే ప్యాకెట్ పోస్ట్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆమె పూర్తి పేరు, కంపెనీ పేరు పెట్టి, తాటాకు అంటే ఈమే, ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేసింది, అని రాశాడు. దాని కింద వచ్చిన వాటిని ఆమె కొంతదూరం చదివి ఆపేసింది. సమర్థించినవాళ్ళూ ఉన్నారు. కానీ కాపర్‌వైర్ వాళ్ళలో లేడు. తర్వాత ఇంకొకడు పాత కామెంట్లన్నీ తవ్వి రౌటర్ లోపం మీద ఆమె రాసినదాన్ని బయటికి లాగాడు. కంపెనీ మనిషే కంపెనీని తప్పుబట్టింది చూడండి అని అతికించాడు. దాన్ని ఒక వార్తాపత్రిక రిపోర్టర్ చూసి కంపెనీకి ఫోన్ చేశాడు.

ప్రమోద మేనేజర్ జగన్మోహన్ తెలుగువాడే. శాన్ రామన్‌లో సొంత ఇల్లు కట్టుకుని చాలా కాలంగా స్థిరపడినవాడు. హెచ్.ఆర్. మనిషిని పక్కన పెట్టుకుని ఆమెను గదిలోకి పిలిచాడు. కంపెనీ లోపలి సమాచారం బయటపెట్టావన్నది ఆరోపణ. పత్రికలో ఉన్నదే రాశానని ఆమె ఇంగ్లీషులో చెప్పుకుంది. హెచ్.ఆర్. మనిషి తలెత్తకుండా రాసుకుంది. జగన్మోహన్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజే బ్యాడ్జ్ తీసుకున్నారు.

ఆమె కారు దగ్గరికి వెళ్ళాక అతను వెనకాలే వచ్చాడు.

“నువ్వు రాసింది కరెక్టే ప్రమోదా. ఆ బగ్ అక్కడే ఉంది. మేమందరం పైవాళ్ళకు ఎస్కలేట్ చేశాం.”

“ఆ మాట లోపల ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నన్నూ పంపిస్తారు. నాకు ఇద్దరు పిల్లలు.” ఆఫీస్ కిటికీల వైపు ఒకసారి చూశాడు. “ఎక్కడైనా రిఫరెన్స్ కావాలంటే నా పేరు ఇవ్వు.”

ఆమె తల అడ్డంగా ఊపి కారెక్కింది.

ఉద్యోగం పోతే ఆమె వీసా కూడా పోయినట్టే. వెంటనే ఇంకో కంపెనీ ఆమెను తీసుకోవాలి. ఆ రోజుల్లో అది జరిగే పని కాదు. పైగా ఆమె పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది ప్యాకెట్ పోస్ట్ పేజీయే. లాయర్ ఒక దారి చూపించాడు. భర్త వీసాకు అనుబంధంగా ఉండే హెచ్‌ ఫోర్‌లోకి మారవచ్చు. దేశంలో ఉండవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు.

కాగితాలు పెట్టిన రోజు ఇంట్లో పెద్ద గొడవ జరిగింది.

“వద్దని చెప్పిన కదా,” అన్నాడు గౌరీశంకర్. “రేపు మా ఆఫీస్‌ల నా పేరు కూడా అడుగుతరు. అప్పుడు ఏం చేద్దాం?”

“నేనేం తప్పు చేశానో చెప్పు.”

“తప్పని నేనన్ననా? అవసరమా అంటున్న.”

“నాకు అవసరమే శంకర్. నాతో మాట్లాడేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఆఫీస్‌లో లేరు. ఇంట్లో నువ్వు వచ్చేసరికి అలిసిపోయి ఉంటావు.”

తర్వాత చాలా రోజులు ఇద్దరూ వంట గురించి, కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడుకోలేదు.

కొన్ని నెలల తర్వాత కాపర్‌వైర్ నుంచి మెయిల్ వచ్చింది. తన పేరు డెన్నిస్ అని, కొలరాడోలో ఉంటానని మొదలుపెట్టాడు. ఆమె ఉత్తరం చదివి మొదట మండిపోయాడట. ఏడాదికి పైగా స్నేహంగా ఉన్న మనిషి తనను వెర్రివాణ్ణి చేసిందనిపించిందట. ఆ కోపంలో, తనలాగే ఉద్యోగాలు పోయినవాళ్ళు కూడే చాట్ రూమ్‌లో దాన్ని ఉన్నదున్నట్టు అతికించాడట. పేరు చెరపాలని తోచలేదు అని రాశాడు. తర్వాత, ‘కాదు, తోచింది, చెరపలేదు’ అని ఇంకో వాక్యం రాశాడు. మీ కంపెనీకి నేను ఉత్తరం రాసి నిజం చెప్పనా అని అడిగాడు.

ప్రమోద ఆ మెయిల్‌ను గౌరీశంకర్‌కు చూపించింది.

“ఏం రాస్తవ్ ఈయనకు?”

“ఏమీ తోచడం లేదు.”

ఆమె జవాబు రాయలేదు. క్షమించాను అని రాస్తే అది అబద్ధమవుతుంది. క్షమించలేదు అని రాద్దామంటే, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు ఆమెకూ తెలుసు. రాయడం అనేది ఆమెకు అంత కష్టంగా అంతకుముందు ఎప్పుడూ లేదు. ప్యాకెట్ పోస్ట్ ఖాతా మూసేసింది.

మరుసటి ఏడాది కూతురు రచన పుట్టింది. గౌరీశంకర్ పనిచేసిన కంపెనీ ఒకటి మూతపడింది, ఇంకొకటి అమ్ముడుపోయింది. ప్రతిసారీ గ్రీన్ కార్డ్ పని మొదటికొచ్చింది. శాన్ రామన్‌లో అద్దె ఇంటికి మారారు. చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళు చాలామంది ఆమెలాగే డిగ్రీలు పెట్టుకుని ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళు పార్కులో కలిస్తే పిల్లల క్లాసులు, సేల్స్ మాట్లాడుకునేవారు. ప్రమోద వినేది. ఎవరైనా మీరు ఇంతకుముందు ఏం చేసేవారు అని అడిగితే టెస్టింగ్ అని ఊరుకునేది. రౌటర్ల లోకం ఆమె లేకుండానే ముందుకు పోయింది. మొదట్లో వార్తలు చదివేది. తర్వాత తెలియని మాటలు ఎక్కువైపోయి, అది కూడా మానేసింది.

రచన పదేళ్ళప్పుడు ఆన్‌లైన్ ఆటలో ఒక మారుపేరు పెట్టుకుంటానంటే ప్రమోద గట్టిగా వద్దంది. పిల్ల బిత్తరపోయింది.

“బట్ వై, అమ్మా? అందరూ పెట్టుకుంటరు.”

అప్పుడు జరిగినదంతా చెప్పింది. రచన మధ్యలో ఆపకుండా విని, “దట్స్ సో అన్‌ఫేర్. నువ్వు మళ్ళీ రాయి,” అంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడిగింది. భయమని చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. పదకొండేళ్ళుగా అదే జవాబని మాత్రం ఆమెకు తెలుసు.

2015 వేసవిలో రూల్ మారింది. భర్త గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఒక దశ దాటిన హెచ్‌ ఫోర్ భార్యలు పని చేసుకోవచ్చన్నారు. ప్రమోద చేతికి వర్క్ పర్మిట్ వచ్చింది. శాంటా క్లారాలో తిరిగిన ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగినవాళ్ళందరూ ఆమెకన్నా చాలా చిన్నవాళ్ళు. మర్యాదగానే మాట్లాడారు. ఇన్నేళ్ళు ఏం చేశారని అడిగారు. వీసా రూల్ గురించి చెప్తే, అలాంటిది ఒకటుందా అని ఆశ్చర్యపోయారు. ఎవరూ తిరిగి పిలవలేదు.

చివరికి దగ్గరలోని ఒక స్కూళ్ళ కార్యాలయంలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే మనిషి కావాలంటే చేరింది. ఒకప్పుడు చేసినదానిలో అది ఓ మూల. టీచర్ల పాస్‌వర్డ్‌లు మార్చడం, క్లాసుల్లో వైఫై అందకపోతే నిచ్చెన వేసుకుని పైకప్పు పలక తీసి వైర్ చూడడం. మొదటి వారం అయ్యాక గౌరీశంకర్ అన్నం వడ్డించుకుంటూ అడిగాడు.

“ఎట్లుంది? నచ్చిందా?”

“పని తెలిసిందే.” ఆమె పెరుగు గిన్నె అతని వైపు జరిపింది. “ఒక స్కూల్ ప్రిన్సిపల్ ఇవాళ, కొత్త నెట్‌వర్క్ సిస్టమ్ మీద నా ఒపీనియన్ రాసి పంపమంది. పొద్దుటి నుంచి ఒక్క లైను కూడా రాయలేకపోయాను శంకర్.”

“ఇద్దరం కూర్చుని రాద్దామా?”

“వద్దు,” అంది. తన కంచంలో అన్నం కలుపుతూ, “నువ్వు పక్కన కూర్చో, చాలు,” అంది.