ఇప్పచెట్టు కింద మంట

బస్తరు సంస్థానం రోజుల్లో, ఇప్పపూలు రాలకముందే చెట్టు కింద ఎండుటాకులు కాల్చేవాళ్లం. నేల శుభ్రంగా ఉంటే పూలు ఏరడం తేలిక. ఒక ఏడు ఆ మంటల్లోంచి ఒక పాము మావైపే పాకివచ్చింది. కర్ర ఎత్తి ఆగాను.

"ఏం పామో చూడనీ," అన్నాను.

"చూసేదేంది? కొట్టయ్యా! రేపు వట్టి కాళ్లతో ఏరేది నువ్వా, నేనా?" అంది నా భార్య.

కొట్టాను. పక్కింటి ముసలమ్మ వచ్చి చూసి, "జెర్రిపోతు. దీనికి విషమే లేదు. మంట పెట్టింది మీరాయె, అదెటు పోవాలె బిడ్డా?" అంది.

ఇంటికొచ్చి డైరీలో "పాము మీదికి వచ్చింది" అని రాశాను. అది నిజం కాదని రాస్తున్నప్పుడే తెలుసు. భయపడినవాడికి అలా రాసుకోవడమే సుఖం. ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ మంట పెట్టాం, బయటికొచ్చిన పాములను చంపాం. అన్నిటినీ చంపనక్కర్లేదని తెలిసీ, ఏం పామో ఒక్కసారైనా ఆగి చూడలేదు.