ఈరమ్మ పీకిన ప్లగ్గు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను వెనక సందులో ఒకప్పుడు కోచింగ్ సెంటర్ నడిచి మూతపడిన భవనం ఉంది. దాని సెల్లార్‌లో చుట్టుపక్కల కాలనీల వాళ్లు కలిసి ఒక వడ్రంగి కార్ఖానా పెట్టుకున్నారు. నెల చందా కట్టిన వాళ్లెవరైనా వచ్చి, అక్కడున్న మిషన్ల మీద స్టూలో, చెప్పుల స్టాండో, మనవడికి చెక్క లారీయో చేసుకోవచ్చు. కూర్చుని కూర్చుని నడుములు పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లు, రిటైరై ఇంట్లో అందరికీ అడ్డం తగులుతున్న పెద్దమనుషులు సాయంత్రమయ్యేసరికి అక్కడ చేరేవారు. వాళ్లు కోసిన పొట్టు ఊడ్చే పని ఈరమ్మది.

ఈరమ్మకు యాభై నాలుగేళ్లు. దీనికి ముందు ఎల్‌బీ నగర్ అవతల ఒక కట్టెల అడితిలో పద్దెనిమిదేళ్లు పొట్టు ఎత్తింది. అక్కడ రంపం మిషను నడిపింది ఆమె మొగుడు సిద్దిరాములే. ఒక చలికాలం పొద్దున అతను స్వెటరు వేసుకుని మిషను ముందు నిలబడ్డాడు. స్వెటరు చెయ్యి బ్లేడుకు అందింది. దాంతోపాటు కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఇప్పుడు బాటసింగారం పండ్ల మార్కెట్లో గేటు దగ్గర కూర్చుంటాడు. లోపల ఐదు లారీలున్నాయని చెయ్యెత్తి చూపిస్తే, దూరంనుంచి చూసినవాళ్లు మూడే అనుకుంటారు. అందుకని నోటితో కూడా అరుస్తాడు.

ఆనాటినుంచి ఈరమ్మకు మిషను చప్పుడు వింటే లోపల ఏం జరుగుతున్నదో తెలిసిపోతుంది. చెక్క తిన్నగా పోతే ఒక రకం చప్పుడు, పక్కకు నొక్కితే ఇంకొక రకం. చప్పుడు మారగానే ఊడ్చే చీపురు ఆగిపోతుంది.

కార్ఖానాకు అధ్యక్షుడు జోగారావు. ఏలూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఇంకా ఏలూరు మాటే మాట్లాడతాడు. సర్కారు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగాడు. కాగితం మీద లేనిది లోకంలో జరగదని ఆయన నమ్మకం. కార్ఖానా తెరిచిన నెలలోనే నలభై రెండు భద్రతా నియమాలు ఇంగ్లీషులో రాయించి, పెద్ద బోర్డు కట్టించి, సరిగ్గా రంపం మిషను వెనక గోడకు కొట్టించాడు.

ఒకరోజు ఈరమ్మ, చెక్క బొమ్మలు చేసే విజయశ్రీని అడిగింది. ఆమె బడిపంతులమ్మ.

"మేడం, గా బోర్డు మీద ఏం రాసిన్రు? జర సదివి చెప్పు."

విజయశ్రీ అక్షరాలు కనపడక మిషను మీదికి వంగింది. ఏడో నియమం దాకా చదివి గబుక్కున వెనక్కి జరిగింది.

"ఏందది?" అంది ఈరమ్మ.

"మిషను మీదికి వంగొద్దని రాసిన్రు."

ఈరమ్మకు మాత్రం నియమాలు మూడే. మిషను ముందుకు పోయేవాళ్ల ఒంటిమీద వేలాడేది ఏదీ ఉండొద్దు, చున్నీ గానీ, ఆఫీసు ట్యాగు గానీ. కోసేవాణ్ని పలకరించొద్దు. బ్లేడుకు చెయ్యి పెట్టాలంటే ముందు ప్లగ్గు పీకాలి. ఇవి ఎక్కడా రాసి లేవు కాబట్టి వీటికి విలువ లేదు. ఆమె చీపురు నేలకేసి కొట్టి "ఓ బిడ్డా, ట్యాగు!" అని కేకేస్తే, సభ్యులు జోగారావుకు ఫిర్యాదు చేసేవారు. ఊడ్చే మనిషి తమ ఏకాగ్రత చెడగొడుతోందని.

జోగారావు నియమాలతో తృప్తిపడలేదు. నలభై జతల చేతి తొడుగులు తెప్పించాడు. మందపాటివి, ముంజేతిదాకా వచ్చేవి, అందరికీ ఒకటే సైజు, అన్నిటికంటే పెద్దది. పంచుతూ ఫొటో కూడా దిగాడు.

"సారు, తిరిగే బ్లేడు కాడ గివి ఏసుకోవద్దు," అంది ఈరమ్మ. "ఉత్త చెయ్యి తాకితే కోసుకపోతది. గిది తాకితే చెయ్యిని లోపలికి గుంజుతది. మా ఆయన స్వెటరు గట్లనే గుంజింది."

"అలాగేనమ్మా, నీ అనుభవం నీది," అన్నాడు జోగారావు మర్యాదగానే. "కానీ ఇది ప్రమాణాల ప్రకారం కొన్న వస్తువు. బిల్లుంది."

ఆ తరవాత భద్రతా వారోత్సవం వచ్చింది. ముఖ్య అతిథిగా ఏదో పెద్ద కంపెనీలో భద్రత చూసి రిటైరైన ఒకాయన్ని పిలిచారు. రిబ్బను కత్తెరతో కోస్తే అందరూ చేసే పనే అవుతుంది కదా అని జోగారావుకు ఒక ఆలోచన తట్టింది. రిబ్బనును చెక్కకు చుట్టి, చెక్కతో సహా రంపం మిషను మీద అతిథి చేతనే కోయించాలి. వీడియో తీసే బాధ్యత కార్యదర్శి ఉపేందర్‌ది. ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ పిల్లవాడు, వడ్రంగం అంతా ఫోనులో చూసి నేర్చుకున్నవాడు. బ్లేడు మీదుండే మూత కెమెరాకు అడ్డమొస్తోందని దాన్ని విప్పి పక్కన పెట్టాడు.

అతిథి వచ్చాడు. మెడలో దండ వేశారు, భుజాల మీద పట్టు శాలువా కప్పారు. మిషను గిర్రున తిరుగుతోంది. ఆయన చెక్క పట్టుకుని ముందుకు వంగాడు. శాలువా కొస జారి బ్లేడుకు జానెడు దూరంలో ఊగుతోంది. దండలోంచి ఒక బంతిపువ్వు రాలి బ్లేడు మీద పడి పొడి పొడి అయిపోయింది. పసుపు రేకులు చూసి జనం చప్పట్లు కొట్టారు.

మిషను చప్పుడు టక్కున ఆగిపోయింది. బ్లేడు నాలుగు చుట్లు తిరిగి నిలిచింది.

"ఎవరండీ కరెంటు తీసింది?" అని అరిచాడు జోగారావు.

మూలన ప్లగ్గు చేతపట్టుకుని ఈరమ్మ నిలబడి ఉంది. "నేనే తీసిన సారు. పెద్దసారు శాలువ, దండ తీస్తే మల్ల పెడ్త."

కప్పిన శాలువా తీయమనడమంటే మామూలు మాటా? అతిథి ముఖం ఎర్రబడింది. శాలువా తియ్యలేదు. ఎవరో కత్తెర తెచ్చిస్తే రిబ్బను కోసి, సమోసా తినకుండానే వెళ్లిపోయాడు. భద్రతా వారోత్సవంలో జరిగిన పెద్ద ప్రమాదం అదేనని జోగారావు చాలామందితో అన్నాడు.

విచారణ కమిటీ వేశారు. అది మూడుసార్లు కూర్చుని, నాలుగు పేజీల నివేదిక ఇచ్చింది. అధ్యక్షుల అనుమతి లేకుండా ప్లగ్గు పీకడం భద్రతకు భంగం కలిగించడమే అని తేల్చి, దాన్ని నలభై మూడో నియమంగా చేర్చారు. ఈరమ్మకు అవగాహన లేకపోవడం వల్లే ఇదంతా జరిగింది కాబట్టి ఆమెకు శిక్షణ ఇవ్వాలన్నారు.

ఆ రాత్రి ఈరమ్మ జొన్నరొట్టె కాలుస్తూ మొగుడితో అంది. "నాకు మిషను నేర్పుతరట."

సిద్దిరాములు నవ్వి, "నేర్చుకో. నేను నేర్చుకునే గిట్లయిన," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

శనివారం పొద్దున శిక్షణ మొదలైంది. నేర్పేది ఉపేందర్, చూసేది జోగారావు. విజయశ్రీ తన పని పక్కన పెట్టి వచ్చి నిలబడింది. విప్పిన మూత ఇంకా పక్కనే ఉంది. ఉపేందర్ చేతికి తొడుగు వేసుకున్నాడు. వేళ్ల చివర్లు బెత్తెడు ఖాళీగా వేలాడుతున్నాయి.

"చూడక్కా, ఫస్ట్ సేఫ్టీ గిదే," అన్నాడు.

"చేతిది తీయ్ బిడ్డా."

"అరే, నువ్వు నేర్చుకోనీకి ఒచ్చినవక్కా, నేర్పనీకి కాదు."

ఈరమ్మ గోడవైపు జరిగి ప్లగ్గు మీద చెయ్యేసి నిలబడింది. నలభై మూడో నియమం ఆమెకు నోటికొచ్చు.

మిషను తిరిగింది. చెక్క సగందాకా బాగానే పోయింది. ఆ తరవాత చప్పుడు మారింది. ఉపేందర్‌కు అది వినపడేలోపే ఖాళీగా ఊగుతున్న తొడుగు కొస బ్లేడుకు అందింది. చెయ్యి సర్రున ముందుకు పోయింది. ఈరమ్మ ప్లగ్గు పీకేసింది. తొడుగు వదులుగా ఉండబట్టి చేతినుంచి ఊడిపోయి, బ్లేడుకు చుట్టుకుని, పీలికలై ఆగింది.

ఉపేందర్ పొట్టులో కూలబడ్డాడు. చెయ్యి గుండెకు హత్తుకుని, చూసుకోవడానికి భయపడి కళ్లు మూసుకున్నాడు. ఈరమ్మ పక్కన కూర్చుని మెల్లగా ఆ చెయ్యి విప్పింది. చూపుడువేలు కొస గీసుకుపోయి రక్తం వస్తోంది, అంతే. ఆమె ఒక్కొక్క వేలూ పట్టుకుని లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అడితిలో ఆనాడు ఆమె లెక్కపెట్టలేదు. పొట్టులో వెతికింది.

"అన్నీ ఉన్నయ్ బిడ్డా. కండ్లు తెరువు," అంది.

తరవాతి వారం కమిటీ కూర్చుంది. జోగారావు నివేదిక చదివాడు. నాణ్యమైన చేతి తొడుగు అడ్డుపడి కార్యదర్శిగారి వేలిని కాపాడిందనీ, మరో నలభై జతలు తెప్పించాలనీ సారాంశం.

విజయశ్రీ లేచింది. "సార్, గా తొడుగు చేతికి సరిగ్గ పట్టి ఉంటే ఏమయ్యేది?"

"అందుకేనమ్మా పెద్ద సైజు కొన్నాను," అన్నాడు జోగారావు.

ఈరమ్మ అనుమతి లేకుండా రెండోసారి ప్లగ్గు పీకిన నేరాన్ని, సేవను దృష్టిలో పెట్టుకుని ఈ ఒక్కసారికి మన్నించారు.

అయితే ఆ రోజు నుంచి ఒక వింత జరిగింది. ఈరమ్మ ఉండే వేళల్లోనే కార్ఖానా నిండుగా ఉండేది. ఆమె చీపురు మూలన పెట్టి బయలుదేరితే, సగం చెక్క కోసినవాళ్లు కూడా "రేపు చూద్దాం లే" అని మిషను బంద్ చేసేవారు. ఆ వేళల్లో సెల్లార్‌లోకి గాలి బాగా వస్తుంది కాబట్టే జనం అలా వస్తున్నారని జోగారావు వార్షిక నివేదికలో రాశాడు. మూత మళ్లీ బ్లేడు మీదికి ఎక్కింది. ఎక్కించింది ఉపేందరే. కొత్తగా వచ్చిన తొడుగులు కట్ట కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి.

ఒక సాయంత్రం ఉపేందర్ ఒక స్టూలు తెచ్చి ప్లగ్గు పక్కన పెట్టాడు. రెండు వారాలు కష్టపడి, ఉత్త చేతులతో, చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి, కర్రతో చెక్కను తోస్తూ చేసింది.

"నీకే అక్కా. ఎంతసేపని నిలబడతవ్? కూసో."

ఈరమ్మ కూర్చుంది. స్టూలు ఇటు ఊగింది, అటు ఊగింది. ఒక కాలు పొడుగైంది. ఆమె నవ్వాపుకుంటూ లేచి, స్టూలు తిరగేసి, పొడుగైన కాలి మీద గోరుతో గీత పెట్టింది.

"గింతే తీయాలె."

ఉపేందర్ స్టూలు ఎత్తుకుని రంపం మిషను వైపు నడిచాడు.

"ఓ బిడ్డా," అంది ఈరమ్మ, "గీ గోరంత ముక్కకు మిషనెందుకు? చేతి రంపం తీస్కో."