చప్పిడి కూర

కొడవలూరు బియ్యం మిల్లులో వాచ్‌మన్‌గా పనిచేసి మానుకున్న హెబ్రోను కంచం ముందు కూర్చోగానే తినడు. బీరకాయ కూరను వేలితో ఇటూ అటూ జరుపుతాడు, వాసన చూస్తాడు, నాలుక చివర రవ్వంత పెట్టుకుని వంటింటి వైపు ఓరగా చూస్తాడు. బీపీ ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పటి నుంచి ఆయనకు ఒకటే అనుమానం. తనకు చప్పిడి కూర పెట్టి, భార్య లిల్లీ లోపల రుచిగా వేరే వండుకుంటోందని. ఆమె ఆయన తిన్నాకే, వంటింట్లోనే తింటుంది మరి.

ఒక మధ్యాహ్నం తిన్నాక కాసేపాగి, చెయ్యి కడుక్కోకుండానే లేచి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్లాడు. లిల్లీ పీట మీద కూర్చుని తింటోంది. ఆయన వంగి, ఆమె కంచంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. అదే బీరకాయ, అదే చప్పిడి.

"నీకేమొచ్చింది? ఉప్పేసుకోవచ్చు గదా."

"ఒక ఇంట్లో రెండు కూరలేంది?" అంది లిల్లీ.

హెబ్రోను గిన్నెల మూతలన్నీ తీసి చూశాడు. ఏమీ దొరకలేదు.

"ఈ ఒక్కరోజుకి అట్ట చేసినావేమో," అన్నాడు.

మరునాడు తన కంచం పట్టుకొచ్చి వంటింట్లో ఆమె పక్కనే కూర్చున్నాడు.

"కనిపెట్టి ఉండాల గదా," అన్నాడు.

లిల్లీ కొంచెం జరిగి చోటిచ్చింది.