అతనాసియసు పడవ, హవల్లీ వీధి

గంజి పెట్టిన నేతచీర మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసనకు నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెంటే సువార్తమ్మక్క గుర్తొస్తుంది. కువైట్‌లోని హవల్లీలో, ఒక సైనికాధికారి ఇంట్లో ఆమె వంటమనిషి, నేను పనిమనిషిని. ఆమెది కోనసీమ, నాది రాయచోటి. ఉల్లిపాయలు తరుగుతూ కథలు చెప్పేది. వాటిలో రాజులుండరు, అందరూ బిషప్పులే. వాళ్ళలో అతనాసియసంటే ఆమెకు ప్రాణం. పదహారు వందల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఉండేవాడట. "యేసు దేవుడేనన్న మాట మీద నిలబడ్డాడే. ఐదుసార్లు ఊళ్ళోంచి ఎళ్ళగొట్టారు, ఐదుసార్లూ తిరిగొచ్చాడు. మా కొత్త నిబంధనలో ఇరవయ్యేడు పుస్తకాలేవేవో ఉత్తరంలో వరసగా రాసిందీ ఆయనే," అనేది. ఒకసారి నైలు నదిలో సైనికులు తరుముతుంటే, పడవను వాళ్ళకే ఎదురు తిప్పించాడట. అతనాసియసు కనబడ్డాడా అని వాళ్ళడిగితే, దగ్గర్లోనే ఉన్నాడు, తొందరగా పొండి అని ఆయనే జవాబిచ్చాడట. "అంటే అబద్ధమాడినట్టే గదక్కా?" అంటే, "అందులో అబద్ధమెక్కడుందే?" అని పడీపడీ నవ్వేది.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చిన ఆగస్టులో, మేము మామా అని పిలిచే ఇంటి యజమానురాలు ఒంటరిగా మిగిలింది. భర్త జాడ లేదు. అధికారుల భార్యలను పట్టుకుపోతున్నారని విన్నాం. ఒక ఉదయం సైనికులు మా వీధి మొదట్లో ఇళ్ళు వెతకడం మొదలుపెట్టారు. మామాను రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలింటికి చేర్చాలి. "పెరటి గేటులో పోదాం పదక్కా," అన్నాను. "అటు పరిగెత్తితే పట్టేసుకుంటారు. ఎదురెళ్ళిపోదాం," అని అక్క గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్న తన నేతచీర మామాకు చుట్టేసింది. బొట్టు నేను పెట్టాను.

పదడుగులు వేశామో లేదో, "కొంప మునిగిందే," అని అక్క గొణిగింది. చూద్దును కదా, మామా దర్జాగా ముందు నడుస్తోంది, మేమిద్దరం అలవాటు కొద్దీ రెండడుగులు వెనక. పనిమనిషి వెనక ఎక్కడైనా ఇద్దరు పనిమనుషులు నడుస్తారా? అక్క ఒక్క అంగలో ముందుకెళ్ళి, చేతిలోని బట్టల మూట మామా నెత్తిన పెట్టి, "ఏమే, రాణీగారిలా ఎళ్తున్నావ్? మొయ్యి," అని కసిరింది. మామాకు మాట తెలియలేదు గాని ఆ గొంతు తెలుసు. అది ఆమె మాతో మాట్లాడే గొంతే. తల దించుకుని వెనక్కి తగ్గింది. సైనికుడు ఆపి, మీ మామా ఎక్కడ అన్నాడు. అక్క వచ్చీరాని అరబ్బీలో, "దగ్గర్లోనే ఉంది. యల్లా, తొందరగా పొండి," అంది. వాళ్ళు పరిగెత్తారు.

మలుపు తిరిగాక ముగ్గురం గోడకానుకుని కడుపుబ్బా నవ్వుకున్నాం. అక్క మూట అందుకోబోతే మామా ఇవ్వలేదు. చెల్లెలి గుమ్మం దాకా మోస్తూ, మా ఇద్దరి మధ్యన నడిచింది. ఇప్పుడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి బజారుకు తోడొచ్చి వెనకబడితే నేను ఆగిపోతాను. నా పక్కకొచ్చేదాకా అడుగు ముందుకు వేయను.