పడవబండికి స్నానం

పొద్దున కె.ఆర్.పురం పాతసామాన్ల కొట్టులో మా బావ పడవబండిని అమ్మేశాం. కొట్టాయన సుత్తితో ఒక దెబ్బ వేశాడు. బండి ఇనుప గొట్టంలోంచి ఎర్రటి తుప్పు రాలింది, ఊరు ఊరంతా పెళ్ళి చేసుకోవడానికి సరిపడా కుంకుమలాగా. "పైన బంగారంగా ఉండాదప్పా, లోపలే అంతా పోయిండాది," అన్నాడు. పక్కనే ఉన్న అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

బావ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసేవాడు. సముద్రానికి ఒక పగటి ప్రయాణం దూరంలో, బొమ్మనహళ్ళిలో కాపురముంటూ పడవ కొన్న మహానుభావుడు భూప్రపంచంలో అతనొక్కడే. పడవకంటే దాన్ని కారు వెనక లాక్కెళ్ళే బండి గురించే మా ఇంట్లో మహాసంగ్రామం జరిగింది. అల్యూమినియందా, జింకు పూత ఇనుముదా? నేను అల్యూమినియం పక్షం: తేలిక, ఉప్పునీళ్ళకు తుప్పు పట్టదు. "బామ్మర్దీ, మన వీధి గుంతలు చూసినావా? ఒక్కోదాంట్లో తిమింగలం కాపురం పెట్టొచ్చు. నీ అల్యూమినియం అప్పడమైపోతాది," అన్నాడు బావ. జింకు పూతే గెలిచింది. అమ్మినవాడు ఒకే షరతు పెట్టాడు: సముద్రంలో దించిన ప్రతిసారీ గొట్టాల లోపలిదాకా మంచినీళ్ళతో కడగాలి.

కడగడానికి నీళ్ళేవి? ప్రతి వేసవీ బావ మంగళూరు వైపు వెళ్ళొచ్చేవాడు. ప్రతి వేసవీ మా బోరు ఎండిపోయేది. ట్యాంకరు వస్తే మగపెళ్ళివారు దిగినట్టు అపార్టుమెంటంతా ఎదురెళ్ళేది. బండ్లు కడగకూడదని సంఘంవాళ్ళ కట్టడి. ఒకసారి బావ దొంగచాటుగా బకెట్ ఎత్తితే అక్క లాక్కుంది. "తాగేదానికే లేక చస్తా ఉంటే మీ రథానికి అభిషేకమా? వానొస్తే అదే కడుక్కుంటాది!" బావ నవ్వి, తడిగుడ్డతో పైపైన తుడిచాడు. బండి తళతళా మెరిసింది. అందరం మెచ్చుకున్నాం.

పోయిన వేసవిలో, బావా అక్కా తిరిగొస్తుంటే ఘాట్ రోడ్డు ఎత్తులో కారు ఆగిపోయింది. అక్క లోపలే కూర్చుంది. బావ దిగి బండి చక్రం వెనక రాయి పెట్టబోయాడు. కారుకు తగిలించిన నొగ, లోపల తుప్పు తినేసిందేమో, పుటుక్కున విరిగింది. పడవతో సహా బండి వెనక్కి దొర్లి అతని మీదికెక్కింది. బావ మళ్ళీ లేవలేదు. పడవ అడుగున సముద్రపు ఇసుక ఇంకా తడిగానే ఉంది.

ఈ యేడు వానలు బాగా పడ్డాయి. కొళాయి తిప్పితే చాలు. కొట్టునుంచి రాగానే అక్క, పడవబండి నిలిపే చోట బకెట్ మీద బకెట్ కుమ్మరించి కడగడం మొదలుపెట్టింది. నేనూ ఒకటి నింపి ఇచ్చాను. నీళ్ళు ఎప్పటికైనా వస్తాయి. కావలసినవాళ్ళు ఉన్నప్పుడే వాటిని తీసుకురావడం మాత్రం కాలానికి చేతకాదు.